శాసనసభ్యుల పదవికి గడువు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రప్రజలు 1990వ సంవత్సరమున తమ శాసనసభ్యులకు గడువు విధించిరి: దిగువసభలో 6 ఏండ్లు, ఎగువసభలో 8 ఏండ్లు. ఆపైన ఆ సభకు జీవితాంతము పోటీ చేయరాదు.

2008లో దీనిని సడలింపుమని ఒక ప్రతిపాదన వచ్చినది. మొత్తము 14 ఏండ్లను 12కు తగ్గింతుమని పైమాట. ఆ పండ్రెండును ఒక్క సభలోనే గడుపవచ్చునని లోమాట. అప్పటికే పీఠములపై నున్నవారికిని ఆ లాభము దక్కును. కంచెయే చేను మేయుట యన నిదియే! ప్రజలు దానిని త్రోసివేసిరి.

2012లో అట్టి సడలింపే మరల వచ్చి నెగ్గినది. నాటి సభ్యులకది వర్తింపదనుట న్యాయమే. అయినను దిగువసభలో గడువు రెట్టింపగుటను నేను మెచ్చజాలను.

అనుభవజ్ఞులు తరలిపోయినచో పెత్తనము ఉద్యోగులదగునందురు. ఈ మాట తోసిపుచ్చరానిదే. కాని అనుభవము వెనుకవారికి నేర్పుటకే గాని పీఠమును అంటిపెట్టుకొని యుండుటకు గాదు.

నేను వయస్సు మీరగనే బడిలో కుర్చీని విడిచితిని. బడి మూతపడలేదు. నేడు నా శిష్యుడే అందు కూర్చుండి పాఠము చెప్పుచున్నాడు. లేవవలసిన దినము ముందే తెలిసియుండుట కుర్చీకిని మేలు, కూర్చున్నవానికిని మేలు.