ఖాళీ ట్యాంకులోని ప్రమాదము

హిందూపురము చింతపండు, బెల్లముల వర్తకమునకును, ధర్మవరము పట్టుచీరలకును పేరుపడినవి. ఆ రెంటి నడుమ విజయనగర రాజుల ఒకనాటి రాజధానియైన పెనుకొండ కలదు. పెనుకొండ చెంత 2019వ సంవత్సరమున కియా కార్ల కర్మాగారము ఉత్పత్తి ప్రారంభించినది. 1984 నుండి వెలువడుచుండిన మారుతి వ్యాను తయారీ ఆ సంవత్సరముననే నిలిచిపోయినది. తయారీ నిలిచినంత మాత్రమున పాతబండ్లు తిరుగుట మానవు. వానిని నమ్ముకొని బ్రతుకు కుటుంబములు అనేకములు. అట్టి బండ్లకు కలుగు చిక్కులలో పెట్రోలు ట్యాంకు కారుట యొకటి.

ఇంధనము ట్యాంకు దాటి వచ్చినచో ఏమగునో ఒక దుర్ఘటన తెలుపుచున్నది. 2013 అక్టోబరు 30వ తేదీన బెంగళూరునుండి హైదరాబాదు పోవుచున్న బస్సు, మహబూబ్‌నగర్ జిల్లా పాలెము వద్ద కల్వర్టును ఢీకొనెను. ట్యాంకు దెబ్బతిని మంటలు చెలరేగి 45 మంది మరణించిరి. ఆ రహదారియే పెనుకొండ చెంతగా కూడ పోవుచున్నది.

ఈ సీమలో వానలు తక్కువ. అయినను ఇనుపరేకు ట్యాంకు త్రుప్పు పట్టుట ఎట్లు? ట్యాంకులో ఇంధనము తగ్గిన చోటును గాలి ఆక్రమించును. పగటి వేడిమికి ఆ గాలి వ్యాకోచించి కొంత వెలుపలికి పోవును. రాత్రి చల్లబడగా తేమగల క్రొత్తగాలి లోనికి వచ్చును. ఆ తేమ లోపలి గోడలపై బిందువులై క్రిందికి జారును. నీరు పెట్రోలు కంటె బరువైనది. కావున అడుగున చేరి రేకును లోపలినుండి తినివేయును. ట్యాంకును పట్టియుంచు పట్టీల క్రింద నిలిచిన తడిమట్టి వెలుపలినుండి అదే పని చేయును. నేడు పెట్రోలులో 20 శాతము వరకు ఎథనాలు కలుపుచున్నారు. పాతబండ్ల రబ్బరు గొట్టములలో కొన్ని దానికి తాళజాలక ఉబ్బి పగులును.

చుక్క రాలిన చోటనే చిల్లి యుండునని తలపరాదు. పెట్రోలు రేకు వెంబడి పారి వేరొకచోట రాలవచ్చును. పనివారు ట్యాంకును తుడిచి ఆరబెట్టి సుద్దపొడి చల్లుదురు. తడిసిన గీతను పట్టి పైకి పోయి మూలము కనుగొందురు. దోషము గొట్టములో నున్నచో క్రొత్త గొట్టము, బిగింపుపట్టీ చాలును. దారిలో చిక్కుకొన్నవారు చిల్లిపై సబ్బుముక్క రుద్దుదురు. సబ్బు పెట్రోలులో సులభముగా కరగదు. కావున ఊరు చేరువరకు కొంత ఆపును. అది మరమ్మతు కాదు.

చిల్లికి మాటు వేయవలసినప్పుడే అసలు ప్రమాదము. ట్యాంకును ఖాళీ చేసితిమి, ఇక భయములేదని పలువురు తలంతురు. సత్యము దీనికి విరుద్ధము. మండునది పెట్రోలు ద్రవము కాదు, దాని ఆవిరి. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 శాతము మొదలు 7.6 శాతము వరకు ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వకే ప్రేలును. నిండిన ట్యాంకులో గాలికి చోటు స్వల్పము. ఖాళీ ట్యాంకులో గాలియు ఆవిరియు కలిసి యుండును. నిండుకుండ తొణకదను సామెత ఇచ్చట వేరొక విధమున సత్యమగుచున్నది. ఆవిరి గాలికంటె బరువైనది. అది నేలవెంట ప్రాకి దూరముననున్న నిప్పును సైతము చేరగలదు.

కావున నేర్పరియైన మేస్త్రి ముందుగా బ్యాటరీ తీగ విప్పి, ఆరుబయట పెట్రోలును మూతగల డబ్బాలోనికి తీయును. ట్యాంకును విప్పి, సోడా కలిపిన వేడినీటితో పలుమారులు కడుగును. త్రుప్పు పొరలలో దాగిన పెట్రోలు వేడి తగిలిన మరల ఆవిరియగును. కావున గాలికి ఆరబెట్టుట మాత్రమే చాలదు. పిదప చిల్లిని పైకి త్రిప్పి, దాని అంచువరకు నీరు నింపి, ఆవిరి పోవుటకు దారి తెరచియుంచి, దూరముగా కాచి తెచ్చిన కడ్డీతో తగరపు మాటు వేయును. తుదకు కొద్దిపాటి గాలి ఎక్కించి సబ్బునీరు పూసి చూచును. బుడగలు రానిచో మాటు కుదిరినట్లు. రేకు అంతయు పలుచబడినచో మాటు నిలువదు; ట్యాంకునే మార్చవలెను.

ఇది బాలురు చేయదగిన పని కాదు. కాని చదువు ముగిసిన పిదప షెడ్డులలో పని నేర్వబోవువారు కలరు. నిప్పు వెలిగించుటకు ముందు, "ఈ ట్యాంకును కడిగినారా? నీరు నింపినారా?" అని అడుగుటకు వారు సంకోచింపరాదు.