క్రూరనేరము – జాలి : మనస్తత్వశాస్త్రము చెప్పునది

నేడు పల్నాడు జిల్లాలో చేరియున్న చిలకలూరిపేట 1993 నాటికి గుంటూరు జిల్లాలోనిది. ఆ సంవత్సరము మార్చి 8వ తేదీన ఆ పట్టణ సమీపమున ఇద్దరు యువకులు ఒక ఆర్.టి.సి. బస్సును దోచుకొనబోయి, లోపల పెట్రోలు చల్లి నిప్పంటించిరి. 23 మంది ప్రయాణికులు మరణించిరి. 1995లో గుంటూరు సెషన్సు కోర్టు ఆ ఇద్దరికి మరణశిక్ష విధించెను. అత్యంత అరుదైన కేసులలో మాత్రమే ఉరిశిక్ష విధింపవలెనని 1980లో తానే నిర్ణయించిన సుప్రీంకోర్టు, 1996 ఆగస్టులో ఈ శిక్షను ఖాయపరచెను. 1997 మార్చిలో ఉరితీతకు తేదీ కూడ నిర్ణయమై, చివరి గడియలలో ఆగిపోయెను. 1998లో రాష్ట్రపతి కె. ఆర్. నారాయణన్ దానిని యావజ్జీవ శిక్షగా మార్చిరి.

ఈ మధ్యకాలమున రాష్ట్రమంతట రెండు వాదములు వినవచ్చినవి. నిండు బస్సును తగులబెట్టినవారిపై జాలి ఏమిటని కొందరు అడిగిరి. వారు పేద దళిత కుటుంబముల బిడ్డలు, దోచుకొనుటకే వచ్చిరి గాని చంపుటకు రాలేదని పౌరహక్కుల వాదులు చెప్పిరి. ఎవరిది న్యాయమో ప్రయోగశాలలో తేలదు. కాని కోపము, జాలి అను ఈ రెండు భావములు మనస్సులో ఎట్లు పుట్టుచున్నవో కొంతవరకు తెలిసికొనవచ్చును.

మొదట ఉద్దేశము సంగతి. స్విట్జర్లాండు మనస్తత్వవేత్త పియాజే పిల్లలకు చిన్న కథలు చెప్పి వారి తీర్పులు అడిగెడివాడు. ఒక బాలుడు తలుపు త్రోయగా, దాని వెనుక ఉన్న 15 కప్పులు అతనికి తెలియకయే పగిలినవి. మరియొకడు అమ్మ లేనప్పుడు తీపి దొంగిలించబోయి ఒక కప్పు పగులగొట్టెను. ఎవరిది పెద్ద తప్పు? చిన్నపిల్లలు 15 కప్పుల వానిదే అనిరి. పెద్దపిల్లలు దొంగ ఉద్దేశమును చూచిరి. 1932లో వెలువడిన ఈ పరిశీలనను ఉపాధ్యాయులు తరగతిలో చేసి చూడవచ్చును. చిలకలూరిపేట ఘటనకు వచ్చుసరికి ఈ కొలత సరిపోదు. దోపిడీ ఉద్దేశమైనంత మాత్రమున పర్యవసానము తెలియదనుటకు వీలులేదు. మైనస్ 40 డిగ్రీల చలిలో సైతము పెట్రోలు నుండి అంటుకొనదగినంత ఆవిరి లేచును. గాలికంటె బరువైన ఆ ఆవిరి, మూసియున్న బస్సులో సీట్ల క్రిందుగా ప్రాకును. ఈ లెక్కలు తెలియనివారికి కూడ పెట్రోలు మండునని తెలియును గదా!

ఇక కోపము. 2006లో తానియా సింగర్ బృందము ఒక ప్రయోగము ప్రకటించెను. 32 మంది స్త్రీ పురుషులు ముందుగా డబ్బు పెట్టి ఒక ఆట ఆడిరి. ఎదుటి ఆటగాండ్రలో ఒకరు న్యాయముగా, ఒకరు మోసముగా ఆడిరి. తరువాత వారి చేతులకు నొప్పి కలిగించుచు, చూచుచున్నవారి మెదడును పరీక్షించిరి. న్యాయముగా ఆడినవానికి నొప్పి కలిగినపుడు, తమకే నొప్పి కలిగినట్లు అందరి మెదడులోను స్పందన కనబడెను. మోసగానికి నొప్పి కలిగినపుడు మాత్రము పురుషులలో ఆ స్పందన బాగుగా తగ్గి, సంతృప్తికి సంబంధించిన భాగము మేల్కొనెను. ఆటలో కలిగిన కోపమునకు, 23 మంది చావు వలన కలుగు కోపమునకు చాల దూరమున్నది. అయినను దారి అదే. తప్పు చేసినవాని బాధ మనకు సగమే వినబడును.

మరి జాలి ఎక్కడనుండి వచ్చును? అపరిచితుడు తప్పు చేసినపుడు మనము వాని స్వభావమునే నిందింతుము. మనమే చేసినపుడు పరిస్థితులను చూపుదుము. 1977లో లీ రాస్ ఈ పొరపాటుకు పేరు పెట్టెను. నేరస్థుని ఊరు, ఇల్లు, పేదరికము తెలిసినకొలది మన చూపు స్వభావమునుండి పరిస్థితులవైపు మరలును. అయితే కారణము తెలిసికొనుట వేరు, నేరము మాఫీ చేయుట వేరు. పిడుగు ఎందుకు పడునో వివరించినవాడు పిడుగు పక్షమున మాటలాడినట్లు కాదు. వీరివలెనే పేదలై పుట్టి ఏ నేరమును చేయనివారు లక్షలమంది ఉన్నారనునది కూడ మరువరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన విషయము ఇంకొకటి. స్మాల్, లోవెన్‌స్టైన్ అను పరిశోధకులు 2003లో, సహాయము పొందబోవువాడు ఫలానావాడని నిర్ణయమైనచో జనము ఎక్కువ దానము చేయుదురని చూపిరి. 2005లో వారే, తప్పు చేసినవాడు ఫలానావాడని తేలినచో జనము ఎక్కువ కఠినముగా శిక్షింతురనియు చూపిరి. అనగా గుర్తుపట్టదగిన ఒక్క మనిషి మన జాలిని, కోపమును రెండింటిని పెంచును. 1997 నాటి వాదములకు ఇది చక్కగా సరిపోవును. ఉరి కోరినవారు, వలదన్నవారు కూడ ఆ ఇద్దరి ముఖములనే చూచి మాటలాడిరి. కాలిపోయినవారు రెండు పక్షముల నోటను "23 మంది" అను అంకెగా మిగిలిరి. దోషులపై జాలి చూపినంతనే మృతులకు అన్యాయము జరిగినదనుట సరికాదు. ఉరి కోరినవారి కోపము కూడ మృతులను తలచుకొన్నది తక్కువే.

రాజ్యాంగము 72వ అధికరణము క్రింద రాష్ట్రపతి చేసినది క్షమాపణ కాదు. ప్రాణము నిలిచెను, నేరము నేరముగానే ఉండెను, శిక్ష కొనసాగెను. ఆ బస్సులోనివారి కుటుంబములకు ఆ ఉత్తరువులో చెప్పదగినది ఏదియు లేదు. న్యాయగ్రంథములలో ఈ కేసు నేటికిని అప్పీలు చేసికొనిన ముద్దాయి పేరిటనే ఉన్నది.