తాలికల గిన్నె, మాకరోని గిన్నె

పిల్లలూ! వినాయకచవితినాడు మీ ఇంట్లో తాలికల పాయసం చేస్తారు గదా! కొందరి ఇళ్ళలో దాన్ని పాశం అంటారు. పేరు ఏదైనా చేసే పద్ధతి ఒకటే. మరిగే నీళ్ళలో బియ్యప్పిండి వేసి, ఉడికిన పిండిని బాగా మర్దించి, అరచేతుల మధ్య రుద్ది సన్నని పురులుగా చేస్తారు. వాటిని కాగుతున్న పాలలో వేస్తారు. తాలికలు ఉడికేకొద్దీ పాలు చిక్కబడతాయి. మీకు నోరూరుతుంది. కాని మీ అమ్మమ్మ అప్పుడే బెల్లం వెయ్యదు. గిన్నె దించి, కాసేపు ఆగుతుంది.

"ఇప్పుడే వెయ్యరాదా, అమ్మమ్మా?" అంటారు మీరు.

"ఆగు బిడ్డా, పాలు ఇరుగుతయి!" అంటుందామె.

ఈ మాట గుర్తుంచుకోండి. మనం ఇవాళ వండబోయే పరదేశపు వంటకానికి కిటుకు ఈ మాటలోనే వున్నది.

ఆ వంటకం మాకరోని, చీజు. సూర్యాపేటలోగాని, కోదాడలోగాని, మిర్యాలగూడలోగాని కాస్త పెద్ద కిరాణా దుకాణానికి వెళితే మాకరోని పొట్లాలూ, చీజు డబ్బాలూ దొరుకుతాయి. వాటిని తెచ్చి, మాకరోని ఉడకబెట్టి, పాలు పోసి, చీజు వేసి, పెద్ద మంట పెట్టారనుకోండి. ఏమవుతుందో తెలుసా? అడుగున తెల్లని నీళ్ళు, మధ్య రబ్బరులాంటి ముద్ద, పైన తేలే నూనె! అర లీటరు పాలు, డబ్బు పోసి కొన్న చీజు, రెండూ చెడతాయి. చీవాట్లు అదనం. ఆ తరవాత ఇంట్లోవాళ్ళు మిమ్మల్ని పొయ్యి దరికి రానిస్తారా?

అలా జరక్కుండా చూసుకోవడం కష్టమేమీ కాదు. గిన్నెలో ఏం జరుగుతున్నదో తెలిస్తే చాలు. పాలను చిక్కబరిచేదీ, విరక్కుండా కాపాడేదీ ఒకటే, పిండిపదార్థం. అది వేడికి ఎలా మారుతుందో పెద్ద యెత్తున చూడాలంటే మిర్యాలగూడ వెళ్ళాలి.

హైదరాబాదునుంచి విజయవాడ పోయే పెద్ద రోడ్డుమీద మొదట సూర్యాపేట, తరవాత కోదాడ వస్తాయి. మిర్యాలగూడ ఆ రోడ్డుకు దక్షిణాన వున్నది. కృష్ణానదిమీద నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ దాని కాలవలకు నీరు వదిలారు. ఎడమ కాలవకు లాల్ బహదూర్ కాలవ అని పేరు. ఆ నీళ్ళు మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల పొలాలకు పారినాక అక్కడ వరి విస్తారంగా పండసాగింది. వరి వెంట బియ్యం మిల్లులు వచ్చాయి. మిర్యాలగూడ ఇప్పుడు మిల్లులకు పేరుపడ్డ పట్టణం.

అక్కడ ఉప్పుడు బియ్యం చేసే మిల్లుల్లో వడ్లను ముందు నీళ్ళలో నానవేస్తారు. తరవాత వాటికి ఆవిరి పట్టిస్తారు. ఆరబెట్టి, ఆపైన మర ఆడిస్తారు. అన్నం వండుకునేటప్పుడు ఎలాగూ ఉడుకుతుంది గదా, మిల్లులోనే ఒకసారి ఎందుకు ఉడకబెట్టడం అని మీరు అడగవచ్చు. కారణం వున్నది. ఆవిరి తగిలేసరికి గింజలోని పిండిపదార్థం వుబ్బి, ఒకదానితో ఒకటి అతుక్కుపోతుంది. గింజలో పగుళ్ళుంటే అవి పూడుకుపోతాయి. అంచేత మర ఆడేటప్పుడు నూకలు తక్కువవుతాయి. అంతేకాదు, తవుడులో వుండే బి విటమినులు కొన్ని నీటితోపాటు గింజ లోపలికి పోతాయి. తవుడు పోయినా అవి మిగులుతాయి.

పిండిపదార్థం అంటే కంటికి కనిపించనంత చిన్న చిన్న మూటలన్నమాట. చన్నీళ్ళలో వేస్తే ఆ మూటలు వూరికే అడుక్కు చేరతాయి. నీటి వేడి సుమారు 60 డిగ్రీల సెంటిగ్రేడు దాటినాక అవి నీరు తాగి వుబ్బడం మొదలుపెడతాయి. ఇంకా వేడెక్కితే మూటలు విప్పుకొని, లోపలి పోగులు నీళ్ళలోకి వస్తాయి. అప్పుడు నీరు చిక్కబడుతుంది. అన్నం వార్చినప్పుడు వచ్చే గంజి ఇదే. నూలుచీరెకు గంజి పెట్టినా, పాయసం చిక్కబడినా చేసే పని ఈ పోగులదే.

ఇక మాకరోని సంగతి చూద్దాం. మేలురకం మాకరోనిని డ్యూరం అనే గట్టి గోధుమ రవ్వతో చేస్తారు. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని మాళవ ప్రాంతంలో ఈ గోధుమ పండుతుంది. రవ్వలో నీళ్ళు కలిపి, గట్టిగా పిసికి, యంత్రంలో పెట్టి చిల్లులగుండా నొక్కుతారు. మన మురుకుల గొట్టం పని కూడా ఇదే గదా! మాకరోని మధ్య బెజ్జం ఎందుకంటే, వేడినీరు బయటా లోపలా తగిలి అది సమంగా ఉడుకుతుంది. ఆపైన చిక్కని పాలు ఆ బెజ్జంలోకి కూడా దూరతాయి.

గోధుమలో వుండే మాంసకృత్తులు నీళ్ళతో కలిస్తే గ్లూటెన్ అనే సాగే పదార్థం తయారవుతుంది. అదే వలలాగా పిండినంతా పట్టి వుంచుతుంది. బియ్యంలో గ్లూటెన్ లేదు. మరి తాలికలు విడిపోకుండా ఎలా వుంటాయి? మీ అమ్మమ్మ పిండిని మరిగే నీళ్ళలో వేసింది, గుర్తున్నదా? అప్పుడు వుబ్బిన పిండిపదార్థమే జిగురై తాలికను పట్టి వుంచింది. గ్లూటెన్ అనే మాట ఆమె ఎన్నడూ విని వుండకపోవచ్చు. అయినా అది లేని పిండికి ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు!

ఇక చీజు. మన జున్ను వేరు, ఇది వేరు. ఈనిన పశువు మొదటి పాలను కాచితే, వాటిలో ఎక్కువగా వుండే మాంసకృత్తులు గట్టిపడి జున్ను అవుతుంది. చీజుకు మామూలు పాలనే వాడతారు. రెన్నెట్ అనే పదార్థంతో వాటిని గడ్డకట్టించి, నీరు తీసేసి, ఉప్పు వేసి, రకాన్నిబట్టి వారాలో నెలలో మాగబెడతారు. చీజులో కేసీన్ అనే మాంసకృత్తు వల అల్లుకొని వుంటుంది. ఆ వలలో కొవ్వూ, నీరూ చిక్కుకొని వుంటాయి. వలపోగులను కలిపి వుంచేది కాల్షియం. కాస్త వేడి తగిలితే వల సడలి చీజు కరుగుతుంది. వేడి మరీ ఎక్కువైతే వల బిగుసుకుపోయి, లోపలి నీటినీ కొవ్వునూ బయటికి పిండేస్తుంది. మొదట చెప్పుకున్న రబ్బరు ముద్ద, పైన తేలే నూనె అలా వచ్చినవే!

మనకు డబ్బాల్లో దొరికే చీజు చాలామటుకు ప్రాసెస్ చేసినది. 1911లో స్విట్జర్లాండులో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ అనేవారు చీజును కొన్ని లవణాలతో కలిపి కరిగించి, విరగని చీజు తయారుచేశారు. అమెరికాలో జేమ్స్ క్రాఫ్ట్ 1916లో తన పద్ధతికి పేటెంటు పొందాడు. ఆ లవణాలు కాల్షియం పట్టును సడలించి, కొవ్వూ నీరూ విడిపోకుండా చూస్తాయి. అందుకే మొదటిసారి వండేవారికి ఈ రకం చీజు సులువు.

ఇప్పుడు వంట మొదలుపెడదాం. పెద్దవాళ్ళు పక్కన వుంటేనే పొయ్యి వెలిగించండి. నలుగురికి కావలసినవి ఇవి: మాకరోని 200 గ్రాములు, పాలు అర లీటరు, వెన్న 2 పెద్ద చెంచాలు, మైదా 2 పెద్ద చెంచాలు, తురిమిన చీజు 150 గ్రాములు, కాస్త మిరియాలపొడి, ఉప్పు.

2 లీటర్ల నీళ్ళు తెర్లనిచ్చి, 2 చిన్న చెంచాల ఉప్పు వేసి, మాకరోని వెయ్యండి. అడుగంటకుండా మొదట్లోనే ఒకసారి కలపండి. పొట్లంమీద రాసిన సమయానికి 1 నిమిషం ముందే దించాలి. ఎందుకంటే వేడి పాలలో అది ఇంకా కాస్త ఉడుకుతుంది. వార్చేటప్పుడు ఆ నీళ్ళు ఒక గ్లాసెడు దాచిపెట్టండి. అది మాకరోని గంజి, పారబొయ్యకండి!

మరో గిన్నెలో సన్నని సెగమీద వెన్న కరిగించి, మైదా వేసి, 1 లేక 2 నిమిషాలు కలపండి. పచ్చివాసన పోవాలి, రంగు మారకూడదు. మైదాను నేరుగా వేడిపాలలో వేస్తే ఏం? వేస్తే పైపిండి వెంటనే వుబ్బి, లోపలి పొడిపిండిని మూసేస్తుంది. అదే ఉండకట్టడం. వెన్నలో ముందు కలిపితే పిండిలో ప్రతి రేణువూ విడివిడిగా వుంటుంది.

ఇప్పుడు గోరువెచ్చని పాలు కొద్దికొద్దిగా పోస్తూ కవ్వంతో కలపండి. మొదట ముద్దలా అవుతుంది. భయపడకండి. పాలు పోసేకొద్దీ అదే పలచబడుతుంది. పాలన్నీ పోశాక, సన్నగా బుడగలు వచ్చేదాకా కలుపుతూనే వుండండి. గరిటె వెనకవైపు పూతలా నిలిస్తే సరిపోయినట్టు. గేదెపాలయితే ఇంకా కమ్మగా వుంటుంది. వాటిలో వెన్న ఆవుపాలలోకంటె చాలా ఎక్కువ.

ఇక్కడ ఆగండి! చీజు వెయ్యబోయే ముందు పొయ్యి ఆర్పండి. గిన్నె దించి ఒక నిమిషం ఆగండి. ఇప్పుడు చీజు తురుము పిడికెడు వేసి, అది కరిగినాక మరో పిడికెడు వెయ్యండి. అమ్మమ్మ బెల్లం వెయ్యడానికి ఎందుకు ఆగిందో ఇప్పుడు తెలిసిందా? బెల్లంలో కొద్దిగా పులుపూ, లవణాలూ వుంటాయి. వాటికి పొయ్యిమీది వేడి తోడైతే పాలలోని కేసీన్ గడ్డకడుతుంది. చీజులోనిదీ ఆ కేసీనే. రెండుచోట్లా అసలు శత్రువు తొందరే. చల్లారనివ్వడం ఒక రక్ష. వుబ్బిన పిండిపదార్థం మధ్య అడ్డునిలిచి కేసీన్‌నూ కొవ్వునూ విడిపోనివ్వకపోవడం మరో రక్ష.

చీజు కరిగాక మాకరోని వేసి కలపండి. మరీ గట్టిగా వుంటే దాచిన గంజి రెండు మూడు చెంచాలు పొయ్యండి. మిరియాలపొడి చల్లండి. చీజులో ఉప్పు వుంటుంది గనక రుచి చూసిగాని ఉప్పు వెయ్యకండి. ఉడికించిన బఠానీలో, మొక్కజొన్న గింజలో కలిపితే మరీ బాగుంటుంది. నిమ్మరసం మటుకు పిండకండి, పాలు విరగ్గలవు.

ఒకవేళ నూనె తేలడం మొదలుపెట్టిందనుకోండి. వెంటనే గిన్నె దించి, వేడి గంజి రెండు చెంచాలు పోసి కవ్వంతో గిరగిరా తిప్పండి. అప్పుడే మొదలైతే చాలాసార్లు కలిసిపోతుంది. పలుకులు పలుకులుగా మారినాక నునుపు తిరిగి రాదు. అయినా తినడానికి పనికివస్తుంది, పారెయ్యకండి.

ఈ వంటకం ఈనాటిది కాదు. 1390 ప్రాంతంలో ఇంగ్లండు రాజు రెండవ రిచర్డు వంటవాళ్ళు కూర్చిన వంటల పుస్తకంలోనే పిండిముక్కలను ఉడికించి, చీజూ వెన్నా వేసే పద్ధతి వున్నది. అమెరికాలో మేరీ రాండాల్ఫ్ 1824లో అచ్చువేసిన పుస్తకంలో మాకరోని, చీజు వంటకం కనిపిస్తుంది. ఆ దేశంలో 1937లో పెట్టెల్లో అమ్మకానికి వచ్చింది.

చివరకు రెండు పరీక్షలు చేసి చూడండి. ఒక చెంచా మైదాను గ్లాసు చన్నీళ్ళలో కలిపి కాసేపు వుంచండి. మరో చెంచా మైదాను చన్నీళ్ళలోనే కలిపి, గిన్నెలో పోసి, కలుపుతూ కాచండి. ఏది అడుక్కు చేరింది? ఏది చిక్కబడింది? ఇక రెండవది: పెనంమీద ఒక పన్నీరు ముక్కా, ఒక చీజు ముక్కా పెట్టండి. చీజు మెత్తబడి కరుగుతుంది. పన్నీరు ఎర్రగా వేగుతుందే తప్ప కరగదు. పన్నీరు చెయ్యడానికి పాలలో పులుపు పోస్తారు గదా. ఆ పులుపు కేసీన్‌నుంచి కాల్షియాన్ని విడదీసి, నీటివెంట పోనిస్తుంది. అప్పుడు కేసీన్ దగ్గరగా బిగుసుకొని, వేడికి సడలదు.

మాకరోని గిన్నె దించినాక మొదటి పళ్ళెం ఎవరికి పెట్టాలో నేను చెప్పనక్కరలేదు. "చీజు వెయ్యడానికి ఎందుకు ఆగినవు?" అని అమ్మమ్మ అడిగితే, "నువ్వే చెప్తివిగా!" అనండి.