టికెట్ చిన్నదే, మర్చిపోతేనే పెద్దది

ఎడిసన్‌లో ఇల్లు మారిన హడావిడిలో నా స్పీడింగ్ టికెట్ సంగతే మర్చిపోయాను. కోర్టు ఉత్తరాలన్నీ పాత అపార్ట్‌మెంట్‌కే వెళ్లాయి. ఆర్నెల్ల తర్వాత ఒక పోలీసు కారు ఆపి, "మీ లైసెన్స్ సస్పెన్షన్‌లో ఉంది" అన్నాడు. వెనక సీట్లో మా పాప ఏడుపు. ఆయనేమో ఊళ్లో లేరు. కారు అక్కడే వదిలేసి వదినకి ఫోన్ చేశాను.

అందుకే న్యూజెర్సీలో ఉన్న అక్కచెల్లెళ్లకి ఈ నాలుగు మాటలు.

టికెట్ డబ్బు కట్టేస్తే తప్పు ఒప్పుకున్నట్టే, పాయింట్లు పడతాయి. పరిమితి మీద 14 మైళ్ల దాకా ఎక్కువైతే 2, 15 నుంచి 29 దాకా అయితే 4. మొత్తం 12కి చేరితే లైసెన్స్ సస్పెన్షనే. కట్టే ముందే మునిసిపల్ కోర్టు ప్రాసిక్యూటర్‌తో మాట్లాడి, పాయింట్లు తగ్గించమని అడగొచ్చు. ఇంగ్లీషుకి జంకక్కర్లేదు, అడిగితే కోర్టే ఉచితంగా ఇంటర్‌ప్రెటర్‌ని ఇస్తుంది. డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు చేస్తే 2 పాయింట్లు తగ్గుతాయి. ఏడాదిపాటు ఏ తప్పూ లేకుండా నడిపితే 3.

ఇల్లు మారితే వారంలోపే మోటార్ వెహికల్ కమిషన్‌కి కొత్త అడ్రస్ చెప్పండి. సస్పెన్షన్‌లో నడిపితే మొదటిసారికే 500 డాలర్ల జరిమానా. లైసెన్స్ తిరిగి తెచ్చుకోడానికి ఇంకో 100.

నాది వచ్చేదాకా పాపని డే కేర్‌లో దింపింది వదినే. డబ్బు పోయినందుకు కాదు, రోజూ పొద్దున్నే ఆమెని అడగాల్సి వచ్చినందుకే బాధ. మీ టికెట్ ఏదైనా సొరుగులో ఉందేమో, ఇవాళే తీసి తేదీ చూసుకోండి.