బిడియం జబ్బుగా మారితే

అవాయిడెంట్ పర్సనాలిటీ డిజార్డర్ ఉన్నవారికి మనుషులంటే అయిష్టం ఉండదు. స్నేహం కావాలనుకుంటారు, పెళ్లి చేసుకోవాలనుకుంటారు. కానీ దగ్గరికెళితే చులకనగా చూస్తారేమో, కాదంటారేమో అన్న భయంతో వెనక్కి తగ్గుతారు. తాను ఎందుకూ కొరగానన్న నమ్మకం లోపల నాటుకుపోయి ఉంటుంది. శుభలేఖ అందినా పెళ్లికి వెళ్లరు. నలుగురితో మాట్లాడాల్సి వస్తుందని ప్రమోషన్ కూడా వదులుకుంటారు. ఇంట్లోవాళ్లు మాత్రం ‘మావాడు ఒట్టి సిగ్గరి’ అని సరిపెట్టుకుంటారు.

అమెరికన్ మనస్తత్వవేత్త థియోడర్ మిల్లన్ 1969లో దీనికి ఈ పేరు పెట్టారు. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వర్గీకరణలోకి ఎక్కింది. ఇప్పటి వర్గీకరణ చెప్పే ఏడు లక్షణాల్లో కనీసం నాలుగు, యవ్వనం తొలినాళ్ల నుంచీ, జీవితంలో పలుచోట్ల కనిపిస్తేనే జబ్బుగా నిర్ధారిస్తారు.

భద్రాచలం దాటాక దుమ్ముగూడెం, చర్ల మండలాల కోయ గూడేల్లో ఈ నిర్ధారణకు మరింత జాగ్రత్త కావాలి. ఇంట్లో కోయ భాష మాట్లాడే పిల్లలు ఆశ్రమ పాఠశాలలో పాఠాలు తెలుగులో వినాలి. పంతులు ప్రశ్న అడిగితే తల దించుకుని నిలబడే పిల్లవాడికి జవాబు తెలిసే ఉండవచ్చు; నోరు విప్పితే తన మాటతీరుకు తోటివాళ్లు నవ్వుతారని జంకుతుంటాడు. సెలవులకు గూడెం వెళ్లాక గలగలా మాట్లాడుతున్నాడంటే అది జబ్బు కాదు. సొంత మనుషుల మధ్య, సొంత భాషలో కూడా ఏళ్ల తరబడి ముడుచుకుపోతుంటేనే ఆలోచించాలి. అలాగని ఆ నవ్వులను తేలిగ్గా తీసుకోకూడదు. పుట్టుకతో వచ్చిన బెరుకు స్వభావానికి చిన్నప్పటి అవమానాలు, తిరస్కారాలు తోడైతే ఈ జబ్బుకు దారి తీయవచ్చు. ఆశ్రమ పాఠశాలలో ఎగతాళిని ఆపడం క్రమశిక్షణ కోసమే కాదు, పిల్లల మనసు కోసం కూడా.

చికిత్సలో ప్రధానమైనది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. బస్సులో కండక్టరును చిల్లర అడగడం లాంటి చిన్న పనితో మొదలుపెడతారు. ‘అడిగితే అందరి ముందూ కసురుకుంటాడు’ అని ముందే రాసుకుంటారు. అడిగాక జరిగింది పక్కనే రాస్తారు. రెండూ పోల్చి చూసుకుంటూ పోతే భయం పట్టు సడలుతుంది. తర్వాత సంతలో బేరం, ఆపైన గ్రామసభలో ఒక ప్రశ్న. బాల్యంలో నాటుకున్న నమ్మకాలను తవ్వి తీసే స్కీమా థెరపీ, గ్రూప్ థెరపీ కూడా మేలు చేస్తాయి. ఈ రోగులు డాక్టరు ముందు కూడా తప్పుగా అనుకుంటారేమోనని విషయం దాస్తారు, మధ్యలో మానేస్తారు. అందుకే మొదట నమ్మకం కుదరాలి. ఈ జబ్బుకే ప్రత్యేకించిన మందు లేదు. తోడుగా ఉండే డిప్రెషన్‌కు, ఆందోళనకు మందులిస్తారు.

చర్ల నుంచి ఖమ్మం ఆసుపత్రికి వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది. ముఖాముఖి మాట్లాడటానికే భయపడేవారికి ఆ ప్రయాణం మరీ కష్టం. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.