పిల్లికి బిచ్చం

పరమ లోభిని గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగువారు "వాడు పిల్లికి కూడా బిచ్చం పెట్టడు" అంటారు. గుమ్మంలో నిలిచి మ్యావుమన్న జీవికి నాలుగు మెతుకులు విదల్చడం దాతృత్వానికి కనిష్ఠ ప్రమాణమని ఆ మాటలోని భావం. అయితే ఆ మెతుకులలో ఏమి కలిసి ఉన్నదని ఆ నానుడి ప్రశ్నించదు. మా ఇంట్లోనూ చాలాకాలం ఎవరూ ప్రశ్నించలేదు.

నా చిన్ననాట మా ఇంట ఒక బూడిదరంగు పిల్లి ఉండేది. దాని పోషణ భారమంతా మా నాయనమ్మది. మేము తిన్నదే అదీ తినేది. ఆదివారంనాడు కోడికూర వండితే, గిన్నె అడుగున మిగిలిన ఇగురులో అన్నం కలిపి దానికొక చిప్పలో పెట్టేది. ఒక వేసవిలో ఆ పిల్లి ఎగరడం మానివేసింది. గోడవార పడుకొని ఎగశ్వాస పీల్చేది. నోరు తెరిచి చూస్తే చిగుళ్ళు సున్నం వేసినట్లు తెల్లగా ఉన్నాయి. సంచిలో పెట్టుకొని పశువైద్యశాలకు తీసుకొని వెళ్ళాము. వైద్యుడు సూదిమందు మాట తలపెట్టకుండానే మొదట, "అమ్మా, దీనికి ఏమి పెడుతున్నారు?" అని అడిగాడు. "మేము తినేదే పెడుతున్నాను బాబూ, దానికి వేరే వండుతానా?" అన్నది నాయనమ్మ. "చిక్కంతా అక్కడే వచ్చిందమ్మా" అన్నాడాయన.

ఆ చిక్కు ఏమిటో తెలియాలంటే పిల్లి ఎటువంటి జంతువో తెలియాలి. కుక్క మనుష్యునితో కలిసి బ్రతుకుతూ మనుష్యుని తిండికి కొంతవరకు అలవాటుపడింది. పిల్లి అట్లా మారలేదు. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 సంవత్సరాల నాటి ఒక సమాధిలో మనిషి అస్థిపంజరం పక్కనే పిల్లి అస్థిపంజరం కూడా లభించింది. అంత ప్రాచీనమైన స్నేహమైనా, పిల్లి జీర్ణవ్యవస్థ మాత్రం నేటికీ అడవిలో ఎలుకను పట్టి తినే పూర్వీకునిదే. జీవశాస్త్రజ్ఞులు దానిని అనివార్య మాంసాహారి అంటారు. మాంసం దానికి రుచికోసం కాదు, ప్రాణంకోసం అవసరమని అర్థం. మన శరీరం కారెట్టులోని పసుపు వర్ణద్రవ్యాన్ని ఎ విటమినుగా మార్చుకోగలదు. పిల్లి శరీరం మార్చుకోలేదు. ఆ విటమిను దానికి సిద్ధరూపంలో జంతు పదార్థాల నుండే అందాలి. ఆర్జినిన్ అనే ఎమైనో ఆమ్లం బొత్తిగా లేని ఆహారం ఒక్క పూట తిన్నా, కొద్ది గంటలలోనే పిల్లి రక్తంలో అమోనియా పెరిగి ప్రాణాపాయం ఏర్పడుతుంది.

వీటన్నిటిలోను టారిన్ కథ వివరంగా చెప్పుకోదగినది. ఈ పదార్థాన్ని 1827లో జర్మనీ శాస్త్రజ్ఞులు ఎద్దు పైత్యరసం నుండి వేరుచేశారు. వృషభానికి లాటిన్ భాషలో ఉన్న పేరునుబట్టి దీనికి ఆ పేరు వచ్చింది. మాంసంలోను, చేపలోను ఇది ఉంటుంది. ధాన్యాలలో, పప్పులలో లేనట్లే. మనుష్యులు దీనిని తమ శరీరంలోనే తయారుచేసుకొంటారు. పిల్లి అవసరమైనంత తయారుచేసుకోలేదు. పైగా జీర్ణక్రియ కోసం ప్రతిదినం కొంత వ్యయం చేస్తుంది. 1975లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి ఆధారంగా తయారుచేసిన ఆహారాన్ని పిల్లులకు పెట్టి చూశారు. వాటి కంటిలోని రెటీనా క్రమంగా క్షీణించింది. కారణం టారిన్ లోపమని తేలింది. మాంసకృత్తులు పుష్కలంగా తింటూనే ఆ పిల్లులు చూపు పోగొట్టుకొన్నాయి.

అంతటితో సమస్య తీరిందని అందరూ భావించారు. కాని అమెరికాలో ఇళ్ళలో పెరిగే పిల్లులు మరొక జబ్బుతో మరణిస్తూనే ఉన్నాయి. గుండె కండరం సాగి, పలుచనై, రక్తాన్ని నెట్టే శక్తిని కోల్పోయేది. అది నయం కాని వ్యాధి అని వైద్యుల నమ్మకం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో పనిచేస్తున్న పాల్ పియాన్ అనే పశు హృద్రోగ వైద్యుడు, ఆయన సహచరులు ఇటువంటి పిల్లుల రక్తాన్ని పరీక్షించగా టారిన్ చాలా తక్కువగా కనబడింది. ఆహారంతోపాటు టారిన్ ఇచ్చి చూశారు. పాడైపోయినదనుకొన్న గుండె తిరిగి బలపడింది. 1987లో ఈ ఫలితాలు ప్రకటితమైనాయి. గమనించదగిన విషయమేమంటే, ఆ పిల్లులు మెతుకులు ఏరుకొని బ్రతికినవి కావు. దుకాణంలో డబ్బు పోసి కొన్న ప్రత్యేకాహారం తిన్నవి. ఆ తరువాత తయారీదారులు పిల్లి ఆహారంలో టారిన్ పాలు పెంచారు. ఆ గుండెజబ్బు అరుదైపోయింది. కుక్కల కోసం చేసిన ఆహారాన్ని పిల్లికి నిత్యమూ పెట్టరాదని వైద్యులు చెప్పేది ఇందువల్లనే.

ఇక పాల సంగతి. తెనాలి రామకృష్ణుని పిల్లి కథ ఎరుగని తెలుగువారుండరు. రాయలవారు పిల్లిని, దాని పోషణకు ఆవును ఇస్తే, రామకృష్ణుడు పిల్లిచేత మొదటి దినమే మరిగిన పాలు తాగించాడట. మూతి కాలిన పిల్లి ఆపైన పాలగిన్నెను చూస్తేనే పరుగు. పాలన్నీ కవిగారి ఇంటివారు తాగారు. కథలో మనం ఆ పిల్లిని చూసి జాలిపడతాము. వైద్యుని అడిగితే మాత్రం, కడుపునిండా ఆవుపాలు తాగిన తక్కిన సభాసదుల పిల్లుల సంగతే ముందు విచారించవలసి ఉంటుంది. పిల్లిపిల్ల తల్లిపాలు మరచిన తరువాత పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను జీర్ణించుకొనే శక్తి దానిలో క్రమంగా తగ్గిపోతుంది. అరగని చక్కెర పేగులలో పులిసి విరేచనాలు కలిగిస్తుంది. అన్ని పిల్లులకూ ఇట్లా కావాలనిలేదు. కొన్నిటికి కొద్దిపాటి పాలు అరుగుతాయి. పెరుగులో లాక్టోజ్‌ను సూక్ష్మజీవులు కొంత ఖర్చుచేస్తాయి కనుక పెరుగు కొంత మేలు. ఏమైనా ఎదిగిన పిల్లికి తాగవలసినది మంచినీరే.

పిల్లి పాలకోవాకో ఐస్‌క్రీముకో ఆశపడుతుంటే తీపి కోసమేనని మనం అనుకొంటాము. అది నిజం కాదు. 2005లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ పరిశోధన సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు, తీపిని గుర్తించే గ్రాహకానికి కావలసిన రెండు జన్యువులలో ఒకటి పిల్లిలో పనికిరాకుండా పోయిందని నిరూపించారు. పులిలోను, చీతాలోను అంతే. పిల్లికి తీపి తెలియదు. ఆ గిన్నెలోని కొవ్వే దానిని ఆకర్షిస్తుంది.

ఇప్పుడు మా కోడికూర వద్దకు వద్దాము. అందులోని కోడి పిల్లికి హితమే. ఉల్లి, వెల్లుల్లే శత్రువులు. వీటిలోని గంధక సమ్మేళనాలు ఎర్ర రక్తకణాలలోని హీమోగ్లోబిన్‌ను దెబ్బతీస్తాయి. అట్టి దెబ్బకు సులభంగా లొంగే స్థానాలు మన హీమోగ్లోబిన్‌లో కంటె పిల్లి హీమోగ్లోబిన్‌లో చాలా ఎక్కువ. దెబ్బతిన్న కణాలు పగిలిపోతాయి. పిల్లి తిన్న పూటనే పడిపోదు. కొన్ని దినాల తరువాత నీరసిస్తుంది, చిగుళ్ళు పాలిపోతాయి, మూత్రం ముదురురంగుకు మారుతుంది. అందువల్లనే ఎవరూ కారణాన్ని కూరగిన్నెలో వెదకరు. శరీరపు బరువులో కిలోకు 5 గ్రాముల ఉల్లి చాలు రక్తంలో మార్పు రావడానికి. అంటే నాలుగు కిలోల పిల్లికి 20 గ్రాములు. ఒక మోస్తరు ఉల్లిగడ్డలో అయిదోవంతు. వెల్లుల్లి ఇంతకంటె తీవ్రమైనది. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టి పొడి చేసినా ఈ గుణం పోదు. ముక్కలు ఏరివేసి రసం మాత్రం పోసినా ప్రయోజనం లేదు. మన వంటలో అల్లంవెల్లుల్లి ముద్ద పడని మాంసపు కూర ఎక్కడున్నది? పప్పుకు పెట్టే తాలింపులో వెల్లుల్లి, ఆవకాయలో వెల్లుల్లి, పెరుగుపచ్చడిలో ఉల్లి. పిల్లికి మన కంచంలోనిది పెట్టరాదు అనడానికి ముఖ్యకారణం ఇదే.

చాకొలెట్, కాఫీ, టీ కూడా నిషిద్ధమే. వాటిలోని థియోబ్రోమిన్, కెఫీన్ గుండెను, నాడులను అతిగా ఉద్రేకపరుస్తాయి. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తాయని చాలాకాలంగా తెలిసినా కారణం తెలియలేదు. 2021లో అమెరికా పశు విషవైద్య నిపుణులు ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం కారణమై ఉండవచ్చునని సూచించారు. ఆ ఆమ్లమే చింతపండులోనూ పుష్కలంగా ఉంది. చింతపండు తిన్న కుక్కలకు మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదంతాలు కూడా ప్రకటితమైనాయి. పిల్లుల విషయంలో ఆధారాలు తక్కువే గాని, చేపల పులుసు కలిపిన అన్నం పెట్టి పరీక్షించవలసిన అగత్యం మనకు లేదు.

పులుసు వద్దు సరే, చేప మాట ఏమిటి? పిల్లికి చేప పెట్టవచ్చును. అయితే ఉడికించి, ముల్లు తీసి పెట్టాలి. అనేక రకాల పచ్చిచేపలలో థయమిన్‌ను, అనగా బి1 విటమినును నాశనం చేసే ఎంజైము ఉంటుంది. పచ్చిచేపలే నిత్యాహారమైతే పిల్లి తల వాల్చివేస్తుంది, తూలుతుంది, తుదకు మూర్ఛలు వస్తాయి. ఉడికిస్తే ఆ ఎంజైము నశిస్తుంది. ఉప్పుచేప మాత్రం వద్దు. దానిలోని ఉప్పు పిల్లి దేహానికి మితిమీరినది. కార్జం గురించి కూడా ఒక మాట. ఎప్పుడో ఒకసారి చిన్న ముక్క మంచిదే. నెలల తరబడి కార్జమే పెడితే ఎ విటమిను మితిమీరి మెడ ఎముకలు అతుక్కొనిపోయి, పిల్లి మెడ తిప్పలేక తన ఒంటిని తాను నాకి శుభ్రం చేసుకోలేని స్థితికి వస్తుంది.

పిల్లి అడవి జంతువు వంటిదే గదా, పచ్చిమాంసం పెడితే ఏమి అని కొందరు అడుగుతారు. ఎలుకను వేటాడి వెంటనే తినడం వేరు, బజారులో గంటలసేపు వ్రేలాడిన మాంసం వేరు. సాల్మొనెల్లా వంటి క్రిములు ఆ మాంసం ద్వారా పిల్లికే కాక, దానిని ఎత్తుకొని ముద్దాడే పిల్లలకూ చేరుతాయి. ఇటీవలి సంవత్సరాలలో బర్డ్ ఫ్లూ భయం దీనికి తోడైంది. 2023లో పోలండ్ దేశంలో అనేక పెంపుడు పిల్లులు హెచ్5ఎన్1 వైరస్‌తో మరణించాయి. పచ్చికోడిమాంసం మీద అనుమానం కలిగింది. 2024లో అమెరికాలో వ్యాధిసోకిన ఆవుల పచ్చిపాలు తాగిన పాడిశాల పిల్లులు చనిపోయాయి. 2025 ఫిబ్రవరిలో మన పశ్చిమగోదావరి ప్రాంతపు కోళ్ళఫారాలలోనూ ఈ వ్యాధి వచ్చింది. ఆ రోజులలో మనం కోడిని బాగా ఉడికించి తిన్నాము. పిల్లికీ అదే నియమం వర్తిస్తుంది. ఉడికించిన ఎముకలు మాత్రం పెట్టకూడదు. అవి పెళుసై సూదుల వలె చీలి గొంతులోను, పేగులలోను గుచ్చుకొంటాయి.

ఇంతకూ పెట్టదగినవి ఏవి? ఉప్పు, కారం, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం అన్నిటికంటె ఉత్తమం. ఉడికించిన నీటిలో టారిన్ కొంత కరిగిపోతుంది కనుక ఆ నీటిని పారబోయక, చల్లార్చి దానితోపాటే పోయాలి. ఉడికించిన గుడ్డు మంచిది. పచ్చి తెల్లసొన బయోటిన్ అనే విటమినును శరీరానికి అందనీయదు. ఉడికిన గుమ్మడి, కారెట్టు, బఠాణీ, ఏమీ కలపని అన్నం, ఇడ్లీ ముక్క కొద్దిగా తింటే హానిలేదు, గొప్ప లాభమూ లేదు. నాలుగు కిలోల పిల్లికి దినానికి సుమారు 200 కిలోకాలరీల శక్తి చాలు. అందులో ఇటువంటి చిరుతిండి పదోవంతు మించరాదని పశువైద్యుల సలహా. ఒక కోడిగుడ్డులో దాదాపు 70 కిలోకాలరీలు ఉంటాయి. లెక్కవేస్తే పావు గుడ్డు పిల్లికి ఒక రోజు విందు.

శాకాహారుల ఇళ్ళలో పెరుగన్నంతోనే పిల్లులు బ్రతుకుతున్నాయి గదా అనవచ్చును. వాటిలో చాలావాటికి పగలు పెరుగన్నం, రాత్రి గాదెలోని ఎలుక, పెరటిలోని బల్లి భోజనం. ఆ వేటే వాటిని కాపాడుతున్నది. అంతస్తుల భవనంలో తలుపులు మూసుకొన్న ఇంట పెరిగే పిల్లికి ఆ అవకాశం లేదు. అట్టి ఇంటివారు మాంసం ముట్టదలచుకోకపోతే, సంపూర్ణ పిల్లి ఆహారమని ముద్రించిన పొట్లాన్ని కొని పెట్టడం ఒక్కటే దారి.

తినకూడనిది తిన్నదని తెలిస్తే ఉప్పునీళ్ళు పోసి కక్కించే ప్రయత్నం చేయకుండా, తిన్నది ఏమిటో ఎంతో గుర్తుపెట్టుకొని వైద్యుని వద్దకు వెళ్ళాలి. పిల్లి నీరసంగా ఉన్నదని, ఒళ్ళు వెచ్చగా ఉన్నదని మన ఇంట ఉన్న పారాసిటమాల్ మాత్రను అన్నంలో నలిపి పెట్టినవారున్నారు. ఆ మందును విరిచి బయటకు పంపే సాధనం పిల్లి కాలేయంలో సరిగా లేదు. ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

మా బూడిదరంగు పిల్లి కోలుకోవడానికి ఇరవై దినాలు పట్టింది. ఆ తరువాత కూడా మా ఇంట ఆదివారాలలో కోడికూర వండేవారు. పొయ్యి మీద మాంసం ఉడుకుతుండగా, అల్లంవెల్లుల్లి ముద్ద రోటి నుండి ఇంకా తీయకముందే నాయనమ్మ రెండు ముక్కలు గరిటెతో తీసి, ఎముక ఒలిచి, చిప్పలో ఆరబెట్టేది. కూర అయ్యేదాకా ఆగవలసిన పని మాకే గాని పిల్లికి లేకపోయింది. మొదటి వడ్డన దానికే.