గని మూతపడిన ఊరిని బొమ్మ నిలబెట్టింది

జర్మనీ కొండపల్లెలో తాతల నాటి ఉలి పట్టు

నెత్తిన కిరీటం, ఒంటిమీద ఎర్ర కోటు, మూతికి కోరమీసం. చూడబోతే మహారాజు. చేసే పనేమో పిల్లలు నోట్లో పెట్టిన అక్రోటు కాయను పటుక్కున కొరికి ఇవ్వడం! వీపు వెనక ఉన్న చెక్క మీటను ఎత్తితే రాజుగారు నోరు తెరుస్తారు. నొక్కితే కాయ పగులుతుంది. రాజులను, పోలీసులను, అడవి అధికారులను ఇలా బొమ్మలుగా చేసి, వాళ్ల దవడలతో కాయలు కొట్టించుకోవడంలో పేదవాడి ఎగతాళి ఉందని పెద్దలు చెబుతారు.

ఈ బొమ్మ పుట్టిల్లు జర్మనీ తూర్పు భాగంలోని జైఫెన్ గ్రామం. చెకొస్లొవేకియా నుంచి 1993లో విడివడిన చెక్ దేశపు సరిహద్దుకు ఆనుకొని, సాక్సనీ రాష్ట్రపు కొండల్లో ఉందీ ఊరు. జనాభా సుమారు 2,000. ఏ వీధిలో చూసినా బొమ్మల దుకాణాలే. దుకాణం వెనకే పనిపాక. చాలావాటిలో తాత పట్టిన ఉలి తండ్రికి, తండ్రి పట్టిన ఉలి కొడుక్కి వచ్చింది.

అలాంటి ఇళ్లలో పేరుమోసినది ఫ్యూష్ట్‌నర్ వారిది. కాయ కొరికే బొమ్మలు అంతకు ముందూ ఉన్నాయి. వాటికి నేడు లోకమంతా గుర్తుపట్టే రూపాన్ని 1870 ప్రాంతంలో ఇచ్చినవాడు విల్‌హెల్మ్ ఫ్రీడ్రిష్ ఫ్యూష్ట్‌నర్. తరిమెన మీద చెక్కను తిప్పి, ఒకే తీరున వరుసగా చేయడం ఆయన సాధించిన పని. ఆయన 1923లో కన్నుమూశాడు. ఆయన వంశీకులు అదే ఊళ్లో నేటికీ అదే బొమ్మను చేస్తున్నారు. ఒక్కో బొమ్మకు నూరుకు పైగా చేతిపనులు పడతాయి.

తగరం పోయి తరిమెన వచ్చింది

ఈ ఊరు మొదట బొమ్మల ఊరు కాదు. ఆ కొండల పేరుకే 'ముడిలోహపు కొండలు' అని అర్థం. 1324 నాటి పత్రంలోనే జైఫెన్ పేరు ఉంది. వాగుల్లో మట్టి కడిగి తగరం తీసేవారు. తర్వాత గనులు తవ్వారు. వందల యేళ్లు ఊరి కూడు భూగర్భం నుంచే వచ్చింది. రానురాను తగరం తరిగింది. 1849లో గని పని ఆగిపోయింది.

సేద్యానికి ఆ కొండనేల అంతంతమాత్రం. చలికాలమంతా మంచు. మిగిలింది అడవి ఒక్కటే. గని పని సన్నగిల్లుతున్న రోజుల్లోనే జనం చెక్క పనికి మళ్లారు. కొయ్య గిన్నెలు, బొత్తాములు, ఆ తర్వాత ఆటబొమ్మలు చేయసాగారు. ముడిలోహాన్ని నలగ్గొట్టే యంత్రాలను తిప్పిన వాగు నీటినే తరిమెనలు తిప్పడానికి వాడుకున్నారు. గనులకు పేరెన్నికగన్న ఈ కొండప్రాంతాన్ని 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

గని కార్మికుడి ముద్ర బొమ్మల్లో ఇంకా చెరగలేదు. డిసెంబరు వస్తే ఇళ్ల కిటికీల్లో కొవ్వొత్తులు పట్టుకున్న కొయ్యబొమ్మలు నిలబడతాయి. ఇంట్లో ఎందరు మగపిల్లలుంటే అన్ని గనికార్మికుల బొమ్మలు, ఎందరు ఆడపిల్లలుంటే అన్ని దేవదూతల బొమ్మలు పెట్టడం అక్కడి ఆనవాయితీ. శీతాకాలంలో పొద్దు పొడవకముందే గనిలోకి దిగి, పొద్దు గుంకాక పైకొచ్చే మనిషికి వెలుగు మీద ఎంత ఆశ ఉంటుందో ఆ కిటికీలు చెబుతాయి.

కంటికి కనబడని గుర్రం

జైఫెన్ పనితనంలో అన్నిటికన్నా వింతైనది కొయ్యచక్రం పని. 1800 ప్రాంతంలో ఈ పద్ధతి ఊపందుకుంది. దేవదారును పోలిన స్ప్రూస్ చెట్టు మొద్దును పచ్చిగా ఉండగానే అడ్డంగా కోస్తారు. ఆరిపోకుండా నీళ్లలో ఉంచుతారు. తరిమెనకు బిగించి తిప్పుతూ చక్రంలా చెక్కుతారు. గాడి ఎక్కడ లోతు, ఎక్కడ మిట్ట అన్నది పనివాడి చేతికి తెలియాలి. చెక్కుతున్నంతసేపూ బొమ్మ కనబడదు. చివరకు చక్రాన్ని జున్నుముక్కలు కోసినట్టు నిలువుగా చీలిస్తే ఒక్కో ముక్కా ఒక గుర్రం, లేదా ఆవు, లేదా ఏనుగు! ఒక్క చక్రంలోంచి పదుల కొద్దీ జంతువులు వస్తాయి. ఆపైన అంచులు నునుపు చేసి, చెవులు, తోకలు అతికించి, రంగులు వేస్తారు.

ఈ విద్య పుస్తకం చదివితే వచ్చేది కాదు. పక్కన నిలబడి చూడాలి, చెక్క చెడగొట్టాలి, మళ్లీ పట్టాలి. నేడు దీన్ని క్షుణ్ణంగా ఎరిగినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

లాభం ఎవరిది?

బొమ్మ ముద్దుగా ఉన్నా దాన్ని చేసిన చేతులు సుఖపడలేదు. 19వ శతాబ్దంలో జైఫెన్ బొమ్మలు ఇంగ్లండుకు, అమెరికాకు ఓడలెక్కాయి. బేరం మాత్రం దళారుల చేతిలో ఉండేది. 60 బొమ్మలు ఒక లెక్క కింద కట్టి కారుచౌకగా కొనేవారు. ఇల్లు గడవాలంటే తండ్రి తరిమెన పట్టాలి, తల్లి రంగు వేయాలి, బడికి పోవలసిన పిల్లలు రాత్రి దీపం ముందు కూర్చుని తోకలు అతికించాలి. మగ్గం ఉన్న ఏ ఇంటికైనా ఈ కథ కొత్త కాదు.

20వ శతాబ్దం తొలి యేళ్లలో కొన్ని దేశాలు బొమ్మల మీద బరువును బట్టి సుంకం పెంచాయి. పనివారు దానికీ ఉపాయం కనిపెట్టారు. అగ్గిపెట్టెలో ఇమిడే చిట్టి బొమ్మలు చేశారు. బరువు తగ్గింది, సుంకం తగ్గింది. ఆ అగ్గిపెట్టె బొమ్మలకు నేటికీ గిరాకీ ఉంది.

పేరు మారినా చేయి మారలేదు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ ప్రాంతం తూర్పు జర్మనీలో చేరింది. 1972లో అక్కడి ప్రభుత్వం మిగిలిన ప్రైవేటు కర్మాగారాలను స్వాధీనం చేసుకుంది. అదే కొండల్లోని గ్రూన్‌హైనిషెన్‌లో 1915లో ఇద్దరు స్త్రీలు, గ్రేటె వెంట్, గ్రేటె క్యూన్, స్థాపించిన బొమ్మల కర్మాగారానికీ ఆ గతే పట్టింది. పచ్చని రెక్కల మీద 11 తెల్లచుక్కలున్న దేవదూతల బొమ్మలు దాని ప్రత్యేకత. యజమాని మారాడు, బోర్డు మీద పేరు మారింది. రంగు వేసే చేతులు మాత్రం అక్కడే ఉండి, అవే 11 చుక్కలు పెడుతూ వచ్చాయి. రెండు జర్మనీలు ఒకటైన 1990లో కర్మాగారం తిరిగి వెంట్ కుటుంబం చేతికి వచ్చింది. చేయి తప్పిపోయి ఉంటే కుటుంబానికి దక్కేది ఖాళీ గోడలే.

ఏకీకరణతో మరో చిక్కు వచ్చిపడింది. తూర్పు ప్రాంత యువకులు వేలాదిగా పని వెతుక్కుంటూ పడమటికి వెళ్లిపోయారు. యంత్రాల మీద చేసిన చౌక విదేశీ బొమ్మలు అంగళ్లు నింపాయి. పదోవంతు ధరకు దొరికే బొమ్మ పక్కన చేతిబొమ్మను అమ్మడం తేలిక కాదు.

జైఫెన్ వారు మూడు పనులు చేశారు. మంచి పాత నమూనాలను 1953లో తెరిచిన మ్యూజియంలో భద్రపరిచారు. కొయ్యబొమ్మల పనిని మూడేళ్ల చదువుగా నేర్పి యోగ్యతాపత్రం ఇచ్చే ఏర్పాటు ఊళ్లోనే నిలుపుకున్నారు. దళారి లేకుండా, వచ్చినవారికి పనిపాక చూపించి అక్కడే అమ్మడం అలవాటు చేసుకున్నారు. చక్రం చీల్చగా గుర్రం రావడం కళ్లారా చూసినవాడు ధర గురించి గీచి బేరమాడడు.

తెల్లపొణికితో కొండపల్లి బొమ్మ, అంకుడు కర్రతో ఏటికొప్పాక లక్కబొమ్మ చేసే ఇళ్లకూ ఇది తెలిసిన బాధే. దుకాణం వీలునామాతో వస్తుంది. పనితనం అలా రాదు. కొడుకో కూతురో వచ్చి పక్కన నిలబడితేనే వస్తుంది. నిలబడిన పిల్లకు ఆ పని అన్నం పెడుతుందన్న నమ్మకం ఉండాలి. ఫ్యూష్ట్‌నర్ వారింట ఆ నమ్మకం ఇన్ని తరాలుగా నిలిచింది. అందుకే ఆ కొయ్యరాజు ఇంకా కాయలు కొరుకుతూనే ఉన్నాడు.